బీటకు అద్దం పెట్టిన మేయరు

మొన్న సాయంత్రం టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఎక్కడిదో ఒక నగరపు మేయరుకు మార్కులు వేస్తున్నారు. ఆ ఊళ్ళో వరదలొచ్చాయట. వరదకు ముందు ఏం చేశాడు, వరదలో ఏం చేశాడు, వరద తర్వాత ఏం చేశాడు అని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి పదికి ఇన్ని అని తేలుస్తున్నారు. మునిసిపల్ బడిలో తెలుగు మీడియం పిల్లల పేపర్లు దిద్ది దిద్ది రిటైరైనదాన్ని, మార్కులంటే నాకేమీ కొత్త కాదు. అయినా ఆ నలుగురి ధీమా చూస్తే ఒళ్ళు మండింది. టీవీ కట్టేశాను. కట్టేశాక మా మేయరు వచ్చి నా కళ్ళ ముందు కూర్చున్నాడు. పోయి ముప్పై ఏళ్ళు దాటిన మనిషి.

మా మేయరంటే బొంబాయి మేయరు కాదు. కామాటిపురలో మేమున్న చాళ్‌కు, ఆ వరస గదుల మేడకు మేయరు. ఒకసారి ఇండిపెండెంటుగా మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన గల్లీలోకి నడిచొస్తుంటే ఎవడో పోకిరి ‘మేయర్ సాబ్ ఆ గయే’ అని కేక పెట్టాడు. ఇంకొకరైతే చెప్పు తీసేవారు. ఆయన చెయ్యెత్తి, గ్యాలరీల్లో నిలబడ్డ వాళ్ళందరికీ గెలిచినవాడిలాగే సలాం చేసుకుంటూ నడిచాడు. దాంతో ఆ పేరే ఖాయమైంది. అసలు పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు, నేనూ ఇక్కడ చెప్పను. మాకందరికీ ఆయన మేయర్ కాక.

పొట్టి మనిషి. మోకాళ్ళ కిందికి దిగని పంచె, పైన ఖాకీ చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. రాయడం రాదు, గోడ మీద గీత గీయడానికి. వాళ్ళ తాత పాలమూరు వైపు నుంచి ఈ ఊరికి రాళ్ళు మోయడానికి వచ్చాడు, తండ్రి తాపీ పట్టాడు, ఈయన మేస్త్రీ అయ్యాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చెవి పెట్టి వినేవాడు. ఆ తర్వాతే ‘బాగున్నరా’ అని మనుషుల్ని అడిగేవాడు. కూర్చున్నప్పుడు గోడకు ఆనుకునేవాడు కాదు. పిల్లలు ఆనుకుంటే కసిరేవాడు. “దాని బరువు మోసుకునుడే దానికి కష్టమున్నది, నీ బరువు గూడ ఎందుకురా?”

నేను ట్రైనింగు కాలేజీలో చదివేటప్పుడు ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే పక్క పేట నాగ్‌పాడా పేరు చెప్పేదాన్ని. కామాటిపుర అంటే ఊరందరికీ అక్కడి సానికొంపలే గుర్తు, మనిషిని పైకీ కిందికీ చూసేవాళ్ళు మరి. అది ఎలాగో ఆయన చెవిన పడింది. ఒక పొద్దున నల్లా దగ్గర అందరి ముందూ పట్టుకున్నాడు. “కామాటిపుర అని చెప్పు బిడ్డా. ఈ బొంబైల మన పేరు మీదున్న జాగా గిదొక్కటే. కామాటోళ్ళం మనం, కట్టినోళ్ళం. సిగ్గు పడవలసింది చూడనీకె వచ్చేటోళ్ళు, నువ్వు గాదు.” నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఎక్కడా అబద్ధం చెప్పలేదు, ఆ విషయంలో మాత్రం.

నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆయన అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. ఆయన తెలుగులో చెప్పేవాడు, నేను మరాఠీలో పెట్టేదాన్ని. మోరీ పొంగుతోందని, మెట్ల మీద దీపం లేదని, పెంకులు కారుతున్నాయని. రాసింది చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. “జర కడక్‌గ రాయి టీచరమ్మా. బిచ్చమడుగుతున్నట్టు ఉన్నది.”

ఇక ఆ అద్దం సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

పాత గోడ బీటలు వారితే, ఆ బీట అలాగే ఆగిందా, ఇంకా కదులుతోందా అని తెలుసుకోవడానికి మేస్త్రీలు ఒక పని చేస్తారు. బీటకు అడ్డంగా వేలెడంత సన్నని అద్దం ముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికిస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పుటుక్కున పగులుతుంది. పగిలిందంటే జనం బయటికి రావాలి. అంతే, అందులో మంత్రమేమీ లేదు. మా చాళ్‌లో రెండో అంతస్తు మెట్ల దగ్గర, కింది నుంచి పైదాకా పాకిన బీట ఒకటి ఉండేది. ప్రతి ఏడూ మిరుగం నాడు, తొలి వానలకు ముందు, మేయర్ కాక దాని మీద కొత్త అద్దం పెట్టేవాడు. మా ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఒకామె పసుపు రాసింది. మరుసటేడు ఇంకొకామె టెంకాయ కొట్టింది. నాలుగేళ్ళు తిరిగేసరికి శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టడం మా చాళ్ ఆచారమైపోయింది. పగిలితే చెప్పడానికి పెట్టిన అద్దాన్ని, పగలకుండా కాపాడేదని నమ్మడం మొదలుపెట్టాం. చదువుకున్నదాన్ని నేను కూడా మెట్లెక్కుతూ ఒకసారి కళ్ళకద్దుకునేదాన్ని. ఆయన మొదట్లో నవ్వేవాడు, తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు.

ఆ బొట్టు పెట్టే పని మూడో అంతస్తు బాలమణిది. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు సరళ, నా దగ్గర చదువుకున్న పిల్ల. పాలమూరు నుంచి పనుల కోసం వచ్చిన ఒంటరి కూలీలకు బాలమణి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. అంత పనికి నీళ్ళు కావాలి కదా, గ్యాలరీలో రెండు పెద్ద డ్రమ్ములు నింపి పెట్టుకునేది. అందరూ పెట్టుకునేవాళ్ళే, ఆమెవి కాస్త పెద్దవి.

ఎనభైల మధ్యలో, మిల్లులు మూతపడి గల్లీ అంతా దిగాలుగా ఉన్న రోజుల్లో, ఒక వానాకాలం మొదట్లో మా చాళ్ ఖాళీ చేయాలని నోటీసు అంటించారు. రిపేరు చేసేదాకా ఊరి చివర ఉప్పు మళ్ళ పక్కన క్యాంపులో ఉండాలట. పక్క గల్లీ నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఎనిమిదేళ్ళయినా తిరిగి రాలేదు. నోటీసు చదివి వినిపిస్తే మేయర్ కాక చాళ్ మధ్యలో నిలబడి పైకి చూస్తూ గొంతెత్తాడు. “ఎవ్వలు కదలొద్దు. పోయినోళ్ళు పోయినట్టే. గోడలకు ఊతం టేకులు మేమే పెట్టుకుంటం, మేమే మేస్త్రీలం.” అన్ని గ్యాలరీల నుంచీ చప్పట్లు. ఆ సాయంత్రమే అర్జీ రాశాం. ‘ఇమారతు గట్టిగా ఉన్నది, ప్రమాదమేమీ లేదు’ అన్న వాక్యం నా చేత్తో రాసిందే. కడక్‌గానే రాశాను.

తర్వాతి వారం వాన పట్టుకుని వదల్లేదు. శుక్రవారం పొద్దున్నే బడికి బయల్దేరి మెట్లు దిగుతుంటే, బీట దగ్గర ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. బొటనవేలికి తడి సిమెంటు. గోడ మీద కొత్త అద్దం. పక్కన పేపరు ముక్కలో పగిలిన పాతది. నన్ను చూసి పేపరు మడిచేశాడు.

“చూసినవా టీచరమ్మా?”

నేను తలూపాను.

“చూడలేదనుకో. సోమవారం లక్కడ బజారుకు పోయి బల్లీలు, లావు కర్రలు తెస్త. కింద నుంచి టేకులిస్తే ఆగుతది. ఇప్పుడు ఎవలకన్న తెలిసిందనుకో, సాయంత్రానికి పోలీసులొచ్చి అందరిని బయట పడేస్తరు. మల్ల ఈ జాగా మనది గాదు.”

“ఈలోపు ఏమన్నా అయితే కాకా?”

“నాలుగు రోజులు. ఈ గోడ నా చేతులల్ల పెరిగింది బిడ్డా.”

నాకు బడికి టైమవుతోంది. ఇదొక సాకని ఇప్పుడు తెలుసు. నిజం ఏమిటంటే, నాకూ ఆ ఖోలీ, ఆ ఒక్క గది కావాలి. ఫాక్‌లాండ్ రోడ్ దాటితే బస్సు, పది నిమిషాల్లో బడి, అమ్మకు తెలిసిన మనుషులు. ఆయన మాట నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

సోమవారం పదకొండింటికి బడిలో ఉండగా ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు. నేను వెళ్ళేసరికి చాళ్ వెనక సగం లేదు. ముందు సగం గ్యాలరీలతో, ఆరేసిన బట్టలతో అలాగే నిలబడి ఉంది. అమ్మ కూరగాయలకు వెళ్ళింది కాబట్టి బతికింది. నేను ఆమెను వాటేసుకుని ఏడుస్తుండగానే చేతిబండి మీద కర్రలు వేసుకుని మేయర్ కాక గల్లీ మలుపు తిరిగాడు. టేకుల కోసం తెస్తున్న బల్లీలు. ఒక్క క్షణం ఆగి చూశాడు. ముఖంలో ఏమీ లేదు. వెంటనే ఆ కర్రల మీదే ఎక్కి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. గుట్ట మీదికి ఎగబడుతున్న మగవాళ్ళను బూతులు తిట్టి దింపాడు. పైన బరువు పడితే కింద ఉన్నవాళ్ళు నలుగుతారని. వరస కట్టించి తట్టలతో రాళ్ళు తీయించాడు. ఫైరింజను వాళ్ళు వచ్చాక వాళ్ళ ఆఫీసరు పక్కనే నిలబడి ఒక్కో అంతస్తులో ఒక్కో ఖోలీ నోటి లెక్కన చెప్పాడు. “రెండో మాళా, నాలుగో ఖోలీ. ముసలామె. మంచం కిటికీ పక్కకు, తల ఇటు దిక్కు. ఆ దూలం కిందికెల్లి పోండ్రి, పైనికెల్లి వద్దు.” సరిగ్గా అక్కడే దొరికింది ఆమె, ప్రాణాలతో. మధ్యమధ్య అందర్నీ నోళ్ళు మూసుకోమని, రాయి మీద చెవి పెట్టి వినేవాడు. అంత గల్లీ, బండ్లూ మనుషులూ, ఊపిరి బిగబట్టి నిలబడిపోయేది. తెచ్చిన బల్లీలన్నీ ఆ శిథిలాల కింద సందులు నిలబెట్టడానికి పనికొచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన కూర్చోలేదు, నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఫైరింజను ఆఫీసరు వెళ్ళిపోతూ ఆయనకు సెల్యూట్ కొట్టాడు.

చివరికి దొరికింది సరళ, ప్రాణం లేకుండా. జ్వరమని ఇంట్లో పడుకోబెట్టి బాలమణి రొట్టెలు ఇవ్వడానికి పనిచోటికి వెళ్ళింది. పిల్లను ఆయనే చేతుల మీద మోసుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. పదిమంది పోయారు మావాళ్ళు, కానీ నా కళ్ళకు కట్టినట్టు ఉన్నది ఆ ఒక్కటే.

మా బడి హాల్లోనే మమ్మల్ని పెట్టారు. పెద్దవాళ్ళు కార్లలో వచ్చి గొడుగుల కింద నిలబడి వెళ్ళారు. బియ్యం పంచేటప్పుడు ఏ ఇల్లూ మిగిలిపోకుండా చూసింది మేయర్ కాకే. తనకు మాత్రం చివర్లో, ఉంటే. విచారణ చేసే ఆఫీసరు వచ్చి, కూలడానికి ముందు ఏమైనా గుర్తులు కనిపించాయా అని అడిగాడు. ఆయన సూటిగా చూసి చెప్పాడు. “కుచ్ నహీ సాబ్. అద్దం గూడ పగల్లేదు.” నేను పక్కనే ఉన్నాను, తెలియని మాటలకు మరాఠీ అర్థం చెప్పడానికి. చెప్పాను.

ఏమీ లేకుండా ఇల్లెలా కూలుతుంది? జనానికి ఒక కారణం కావాలి. అద్దం పగల్లేదు కదా, మరి గోడ తప్పు కాదు. ఉప్పు మళ్ళ పక్క రేకుల క్యాంపులో చేరిన నెలలోపే గుసగుసలు మొదలయ్యాయి. బాలమణి డ్రమ్ములు. మూడో మాళాలో అన్ని నీళ్ళు పెడితే గ్యాలరీ ఆగుతుందా? ముందు ఒకరన్నారు, తర్వాత అందరూ అన్నారు. పిల్లను పోగొట్టుకున్నామె అని నోరు నొక్కుకున్నవాళ్ళు కూడా నల్లా దగ్గర ఆమె రాగానే మాట ఆపేసేవాళ్ళు. చివరికి మా చాళ్‌వాళ్ళ సంఘం పంచాయితీ పెట్టారు. పెద్ద ఎవరు? ఇంకెవరు, మేయర్ కాకే. రాసేది నేను.

బాలమణి కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. ఎవరూ ఏమీ అడగకముందే అంది. “తప్పు నాదే. అందరి కడుపు కొట్టిన. నా కడుపు గూడ కొట్టుకున్న.”

ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని నేను ఆయన వంకే చూస్తున్నాను. ఆయన తన గోళ్ళ వంక చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు. “కావాలని చేయలే గదా. పోయినోళ్ళు రారు. సంఘం ఆమెను మాఫ్ చేసింది. ఇగ ఎవ్వలు ఈ మాట ఎత్తొద్దు.” బాలమణి వచ్చి ఆయన కాళ్ళకు మొక్కింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. నేను ఆ మాటలన్నీ అందమైన దస్తూరితో పుస్తకంలో రాశాను.

మర్నాడు ఆయన్ను పట్టుకుని అడిగాను. అరిచాననే చెప్పాలి. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నేను నోరు తెరిస్తె ఏమైతది? వీళ్ళకు ముందే తెలుసు, తెలిసి ఖాళీ చేయలే అని కాయితం మీద రాస్తరు. నలభై ఇండ్లకు జాగ పోతది. ఒక్క ఆడామె మీద మాట పడితె నలభై ఇండ్లు నిలబడతయి. నువ్వే చెప్పు, ఏది ఎక్కువ?” ఆ నలభై ఇళ్ళలో మాదీ ఒకటి.

ఆయన మాట నిలబెట్టుకోవడానికి తక్కువ పాట్లేమీ పడలేదు. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి ఆఫీసుల్లో బెంచీల మీద కూర్చునేవాడు. సాయంత్రం కామాటిపుర వెళ్ళి, మిగిలిన సగం కూడా పడగొట్టేశాక ఖాళీ అయిన జాగాలో ఎవడూ గుడిసె వేయకుండా కాసేపు కాపలా నిలబడేవాడు. అర్జీ మీద అర్జీ రాశాను. మా పిల్లలు తెలుగు బడి దూరమై మరాఠీ బడుల్లో పడ్డారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆ జాగాలో ముందు గడ్డి మొలిచింది, తర్వాత ఎవరివో చేతిబళ్ళు నిలిచాయి. ఒక్క ఖోలీ కూడా రాలేదు. ఏ నలభై ఇళ్ళ కోసం ఒక ఆడమనిషిని తూకంలో వేశాడో ఆ నలభై ఇళ్ళు లేవు.

బాలమణి మా పక్క రేకుల గదిలోనే ఉండేది. రొట్టెలు చేయడం మానేసింది. బకెట్టు సగానికి మించి నింపేది కాదు. ఎవరి పిల్లలకైనా జ్వరమంటే వెళ్ళి ఆ మంచం పక్కన కూర్చుని లేచేది కాదు, ఆ ఇంటివాళ్ళు విసుక్కునేదాకా. చివరి ఏడాది మంచం పట్టినప్పుడు మా అమ్మే చూసింది. ఎనభైలు ముగిసే ముందు, వానలు వెనకబట్టాక పోయింది.

దినాలైన మర్నాడు మధ్యాహ్నం మేయర్ కాక మా గదికి వచ్చాడు. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆయన కింద కూర్చున్నాడు. బాగా తగ్గిపోయాడు అప్పటికే.

“వదినా, నీకొక మాట చెప్పాలె. తర్వాత సంఘంల అందరికి చెప్త. ఆ డ్రమ్ములతోటి ఏం గాలే. అద్దం పగిలింది. శుక్రవారం నాడే పగిలింది. నేనే మార్చిన. టీచరమ్మకు గూడ ఎరుకే.”

నేను లోపల నిలబడి ఉన్నాను. అమ్మ బియ్యంలోంచి చెయ్యి తీయలేదు.

“బాలమణికి ఎరుకే” అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు.

“శుక్రవారం బొట్టు పెట్టనీకె పోయింది గదా. వేలికి తడి సిమెంటు అంటిందంట. పాతది పగిలింది, కొత్తది పెట్టిండు అని అప్పుడే తెలిసింది ఆమెకు. మంచాన పడ్డంక నాతోటి చెప్పింది. మేయర్ కాక పెట్టిండంటె ఆగుతది అనుకున్న అక్కా, ఆ నమ్మకంతోనే పిల్లను ఇంట్ల పడుకోబెట్టి పోయిన, అన్నది. అందుకే తప్పు నాదే అన్నది పంచాయితీల. డ్రమ్ములకు గాదు.”

“నన్నేమన్నది?” అన్నాడాయన.

“ఏమనలే. ఆయినెకు చెప్పకు, నాకు తెలుసని తెలిస్తె బతకడు అన్నది. ఇండ్లు ఇప్పిచ్చేదాక బతకాలె గదా ఆయిన, అన్నది.”

ఆయన లేవబోయాడు. నేను వెళ్ళి చెయ్యి అందించబోతే వద్దన్నాడు. మెల్లగా లేచి, రేకుల గదుల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయాడు. ఆఫీసులకు వెళ్ళడం ఆ రోజుతో మానేశాడు. సంఘంలో చెప్పనూ లేదు. చలికాలం దాటలేదు.

ఆయన కనుమరుగయ్యాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఏడాది నుంచి తెలిసి, ఆమెను అందరూ అలా చూస్తుంటే, నాతోనైనా ఎందుకు చెప్పలేదే అని.

అమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

“నువ్వు జెప్పినవా?”